పందెం గొప్పతనం బండిలోనా, నడిపేవాడిలోనా?

మోటారు పందేల మీద మోజున్నవారి మధ్య ఒక తగవు దేశదేశాల్లో ఎన్నో ఏళ్లుగా నడుస్తున్నది. పందేలన్నిటిలోకీ ఏ పందెం గొప్పది అన్నదే ఆ తగవు. ఫార్ములా వన్ కార్ల పందెం ముందు మిగతావన్నీ దిగదుడుపు అని ఒకరంటారు. మట్టిరోడ్ల మీద ర్యాలీ నడిపేవాడే అసలు మొనగాడని ఇంకొకరంటారు. మోటారు సైకిళ్ల పందెం చూసినవాడు కార్ల పందెం చూడలేడని మూడోవారి వాదన. ఒకే గుండ్రటి బాటలో వందల చుట్లు తిరిగే అమెరికా పందేలకు, రాత్రీ పగలూ ఆగకుండా సాగే 24 గంటల పందేనికి కూడా అభిమానులు కోట్ల సంఖ్యలో ఉన్నారు.

ఈ తగవుతో మన పల్లెలకేమి పని అని కొందరు పెద్దలు అడగవచ్చు. పని ఉన్నదనే ఈ వ్యాసకర్త అభిప్రాయం. కారణాలు రెండు. మన పిల్లలు దేనిని చూసి మెచ్చుకుంటారో దానినే అనుకరిస్తారు. సెల్‌ఫోను పుణ్యమా అని ఈ పందేలన్నీ ఇవాళ పొలం గట్టు మీద కూర్చున్న కుర్రవాడికి కూడా కనిపిస్తున్నాయి. రెండో కారణం, పందేనికి రోడ్డు కావాలి. ఆ రోడ్డు ఎవరిది, దాని మీద ప్రాణం పోతే ఎవరిది పోతుంది అన్నది మనందరికీ సంబంధించిన విషయం.

2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పందెం జరిగినప్పుడు మన ఊళ్ల టీ కొట్ల దగ్గర కూడా ఈ చర్చ సాగింది. "బాబాయ్, అవి కరెంటు బండ్లు, వాటికి మోత ఉండదు" అని కుర్రవాళ్లంటే, "మోత లేని పందెం పందెమేంట్రా అబ్బాయ్!" అని పెద్దవాళ్లు కొట్టిపారేశారు. నిజానికి ఈ ఒక్క మాటలోనే ప్రపంచంలోని రేసు అభిమానుల తగవంతా ఇమిడి ఉన్నది. పందెంలో మనం చూడవలసింది మోతనా, వేగాన్నా, బండినా, మనిషినా? ఒక్కో పక్షంవారి వాదన ఏమిటో ముందు చూద్దాం.

ఫార్ములా వన్: ఘనత ఎవరిది?

ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ 1950లో మొదలైంది. గంటకు 300 కిలోమీటర్లు దాటే వేగం, కంపెనీల ఇంజనీర్ల మేధస్సు, నిమిషం తేడా రాని క్రమశిక్షణ దాని ఆకర్షణ. 2023లో ఖతార్ పందెంలో మెక్‌లారెన్ జట్టు మనుషులు నాలుగు చక్రాలనూ 1.80 సెకన్లలో మార్చేశారు. మన బస్టాండు దగ్గర పంక్చరు వేసే అబ్బాయి జాకీ చేతిలోకి తీసుకునే లోపు అక్కడ కారు వెళ్లిపోతుందన్నమాట.

అయితే ఈ పందెం మీద అభిమానులే చేసే ఆరోపణ ఒకటి ఉన్నది. కార్లు ఒకదాని వెనుక ఒకటి ఊరేగింపుగా పోతాయే తప్ప దాటుకోవడం అరుదు అంటారు. దానికి కారణం గాలి. ఫార్ములా వన్ కారుకు ముందూ వెనుకా ఉండే రెక్కలు గాలి ఒత్తిడితో కారును నేలకు అదిమిపెడతాయి. అందువల్లనే అది మలుపుల్లో అంత వేగంగా తిరుగగలుగుతుంది. కాని ముందు కారు చెదరగొట్టిన గాలిలోకి వెనుక కారు వచ్చేసరికి ఆ అదుము తగ్గి, చక్రాలు పట్టు కోల్పోతాయి. దగ్గరకు వచ్చినకొద్దీ దాటడం కష్టమవుతుంది. దీనికి విరుగుడుగా 2011లో వెనుక రెక్క తెరుచుకునే ఏర్పాటు తెచ్చి, 2025 దాకా వాడారు. ముందు కారుకు ఒక సెకను లోపు దూరంలో ఉన్నవాడికే ఆ సదుపాయం. అలా దాటినదాన్ని దాటినట్టు లెక్కించవచ్చునా అని అభిమానులు తగవులాడుకుంటూనే ఉన్నారు. మొనాకో నగర వీధుల్లో 3.337 కిలోమీటర్ల బాట మీద జరిగే పందెంలో అయితే ముందు రోజు అర్హత పోటీలో మొదట నిలిచినవాడే తరచు గెలుస్తాడు.

రెండో ఆరోపణ ఇంకా బలమైనది. మంచి కారు దొరికినవాడు గెలుస్తాడు, దొరకనివాడు ఎంత నేర్పరి అయినా వెనుకబడతాడు. 2014 నుంచి 2021 వరకు వరసగా ఎనిమిదేళ్లు జట్ల చాంపియన్‌షిప్ మెర్సిడెస్‌దే. 2023లో జరిగిన 22 పందేల్లో 21 పందేలను రెడ్‌బుల్ కార్లే గెలిచాయి. జట్ల ఖర్చుకు హద్దు పెట్టాలని 2021లో నిబంధన తెచ్చినప్పుడు కూడా ఆ హద్దు ఏడాదికి 14 కోట్ల 50 లక్షల డాలర్లు! ఇది తక్కువ ఖర్చు అనుకునే ఆట మరి.

మన దేశస్థుల అనుభవమూ ఇదే చెబుతుంది. ఫార్ములా వన్‌లో పాల్గొన్న మొదటి భారతీయుడు నరేన్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ జట్టు తరఫున నడిపాడు. వెనుక వరుసలో ఉండే కారు అది. ఆ ఏడాది జూన్‌లో అమెరికా పందెంలో టైర్లు ఆ బాటకు తట్టుకోలేవని మిషెలిన్ టైర్లు వాడే 14 కార్లు మొదలుకు ముందే తప్పుకోగా, ఆరు కార్లే పరిగెత్తాయి. కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చి అయిదు పాయింట్లు సంపాదించాడు. ఆయన నేర్పు అంతకు ముందు పందేల్లో లేక ఆ రోజు పుట్టుకొచ్చిందా? లేదు. మిగతా బండ్లు లేకపోవడమే తేడా.

గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ కట్టి 2011, 2012, 2013 సంవత్సరాల్లో ఫార్ములా వన్ పందేలు జరిపారు. మూడింటిలోనూ సెబాస్టియన్ వెటెల్ గెలిచాడు. ఇది క్రీడ కాదు, వినోదం అంటూ ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం పన్ను వేయడంతో తగవు వచ్చి, 2013 తరువాత పందెం ఆగిపోయింది. క్రీడా, వినోదమా అన్న ప్రశ్న టీ కొట్టు దగ్గర తేలకపోతే నష్టం లేదు గాని, సర్కారు దగ్గర తేలకపోతే ఏమవుతుందో అక్కడ తెలిసింది.

రెండు చక్రాలు: దాచుకోలేని నేర్పు

మోటారు సైకిళ్ల పందెం అభిమానుల వాదన సూటిగా ఉంటుంది. కారులో మనిషి కనిపించడు, తలకాయ మాత్రమే కనిపిస్తుంది. మోటారు సైకిలు మీద మనిషి ఆపాదమస్తకం కనిపిస్తాడు. మోటోజీపీ బండి కనీస బరువు 157 కిలోలు. దాని మీద కూర్చున్న మనిషి బరువు ఎటు వాలితే బండి అటు తిరుగుతుంది. మలుపులో మోకాలే కాదు, మోచెయ్యి కూడా నేలకు రాసుకుంటుంది. బ్రేకు ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ పట్టినా ముందు చక్రం జారిపోతుంది.

దాటుకోవడానికీ కొదవలేదు. 2006లో పోర్చుగల్ పందెంలో టోనీ ఎలియాస్, వాలెంటినో రోసీ మీద 0.002 సెకను తేడాతో గెలిచాడు. అంటే సెకనును వెయ్యి భాగాలు చేస్తే అందులో రెండు భాగాలు. ఆ ఏడాది రోసీ ప్రపంచ చాంపియన్ పదవి పోగొట్టుకున్నది అయిదు పాయింట్ల తేడాతోనే. ఆ రెండు భాగాల విలువ ఎంతో దీన్నిబట్టి గ్రహించవచ్చు. 2023 సెప్టెంబరులో బుద్ధ్ సర్క్యూట్‌లో మోటోజీపీ జరిగినప్పుడు ఎండ వేడికి పందెం 24 చుట్ల నుంచి 21 చుట్లకు తగ్గించారు. మార్కో బెజెకీ గెలిచాడు. రెండో స్థానంలో వచ్చిన జార్జ్ మార్టిన్ పందెం ముగిశాక ఒంట్లో నీరు ఇంకిపోయి నీరసంతో కూలబడ్డాడు. యంత్రమే పరిగెత్తుతుంది, మనిషి కూర్చుంటాడు అనేవారికి ఇదే జవాబు.

గుండ్రటి బాటలో ఏమున్నది?

అమెరికావారి పందేలను మిగతా దేశాల అభిమానులు ఎగతాళి చేస్తుంటారు. ఎడమకు తిరగడం తప్ప వాళ్లకేమి వచ్చు అంటారు. ఇండియానాపొలిస్‌లో 1911 నుంచి జరుగుతున్న పందెం 4 కిలోమీటర్ల బాట మీద 200 చుట్లు, అంటే దాదాపు 800 కిలోమీటర్లు. కాని ఇక్కడ సంగతి వేరు. బాట అంతా గ్యాలరీలో కూర్చున్నవాడి కళ్ల ముందే ఉంటుంది. కార్లు ఒకదాని గాలి చాటున ఒకటి దూసుకుపోతూ నిమిష నిమిషానికీ స్థానాలు మార్చుకుంటాయి. టాలడేగా బాట మీద 2010 ఏప్రిల్‌లో జరిగిన నాస్కార్ పందెంలో మొదటి స్థానం 88 సార్లు చేతులు మారింది. 1992లో ఇండియానాపొలిస్‌లో 800 కిలోమీటర్లు పరిగెత్తిన తరువాత మొదటివాడికీ రెండోవాడికీ తేడా 0.043 సెకను. డబ్బు పెట్టి టిక్కెట్టు కొన్నవాడికి పైసా వసూలు అయ్యే పందెం ఇదేనని చెప్పక తప్పదు.

24 గంటల పందెం మరో తీరు. ఫ్రాన్సులోని లే మాన్‌లో 1923లో మొదలైంది. ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా ఒకే కారును పగలూ రాత్రీ నడుపుతారు. 2010లో గెలిచిన కారు 5,400 కిలోమీటర్లకు పైగా నడిచింది. ఒక్క రోజులో! ఇక్కడ వేగంతోపాటు బండి మన్నిక, నిద్ర లేని మెకానిక్కుల ఓపిక కూడా పందెం కడతాయి. 2016లో టయోటా కారు 23 గంటల 50 నిమిషాలకు పైగా నడిచి, మొదటి స్థానంలో ఉండి, మరి కొద్ది నిమిషాల్లో గెలుస్తుందనగా శక్తి చచ్చి ఆగిపోయింది. పోర్షె గెలిచింది. కోతకు వచ్చిన చేను మీద వడగళ్లు పడ్డ రైతుకు ఆ జట్టువారి ముఖాలు కొత్తగా కనిపించవు.

ర్యాలీ: గడియారంతో కుస్తీ

ర్యాలీలో కార్లు పక్కపక్కన పరిగెత్తవు. ఒకదాని తరువాత ఒకటి, కొన్ని నిమిషాల ఎడంతో బయలుదేరుతాయి. మట్టి, మంచు, కంకర, కొండ, వాగు, ఏది ఎదురైతే దాని మీదనే. మూసివేసిన రోడ్డు ముక్కల మీద ఎవరు తక్కువ సమయంలో పూర్తిచేస్తారన్నదే లెక్క. ఒక ముక్కకూ ఇంకొక ముక్కకూ మధ్య అందరిలాగే మామూలు రోడ్డు మీద, ట్రాఫిక్ నిబంధనలు పాటిస్తూ వెళ్లాలి. డ్రైవరు పక్కన ఒక సహచరుడు కూర్చుని ముందు రాసుకున్న పుస్తకం చూసి మలుపు ఎటు, ఎంత, దిబ్బ ఎక్కడ అని చదివి చెబుతుంటాడు. ఎదుట దుమ్ము తప్ప ఏమీ కనిపించని చోట ఆ మాట నమ్మి కాలు తొక్కాలి.

"ఒక్కో కారు వచ్చి పోతుంటే పందెమేమిటి, ఎవరు ముందో ఎలా తెలుస్తుంది?" అన్నది ఫార్ములా వన్ పక్షంవారి ఎత్తిపొడుపు. ఈ ప్రశ్నకు మన పల్లె మనిషి జవాబు చెప్పగలడు. మన బండలాగుడు పోటీల్లో జరిగేది కూడా ఇదే కదా! జత తరువాత జత వస్తుంది. పళ్లను బట్టి విభాగం, విభాగాన్ని బట్టి బండ బరువు. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. ఎదుటి జత పక్కన లేకపోయినా మైకులో అడుగుల లెక్క చెబుతుంటే జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. ఎద్దుల సత్తా ఎంత, తోలేవాడి నేర్పు ఎంత అన్నది నేల మీద తేటతెల్లమవుతుంది. ర్యాలీ రుచి కూడా అదే. 2011లో జోర్డాన్ దేశంలో జరిగిన ర్యాలీలో రోజుల తరబడి పోటీపడిన తరువాత సెబాస్టియన్ ఓజియే 0.2 సెకను తేడాతో గెలిచాడు.

ఇంకొక మాట. ఈ పందెంలో మన దేశ మూలాలున్నవారు ప్రపంచ ఖ్యాతి పొందారన్నది మన కుర్రవాళ్లలో చాలామందికి తెలియదు. కెన్యాలో పుట్టి పెరిగిన సిక్కు మెకానిక్ జోగీందర్ సింగ్ 1965లో సఫారీ ర్యాలీ గెలిచాడు. పక్కన కూర్చున్నది ఆయన తమ్ముడు. కారు అంతకు ముందు ఒకసారి పందెంలో వాడేసిన పాత వోల్వో. కంపెనీలు పంపిన కొత్త కార్లన్నీ వెనుకబడ్డాయి. తిరిగి 1974లో, 1976లో కూడా ఆయనే గెలిచాడు. ఉగాండాలో పుట్టిన భారత సంతతివాడు శేఖర్ మెహతా అదే ర్యాలీని 1973లో ఒకసారి, 1979 నుంచి 1982 వరకు వరసగా నాలుగుసార్లు, మొత్తం అయిదుసార్లు గెలిచాడు. పాత బండితో, ఇంటి మనిషి తోడుతో ప్రపంచ ప్రసిద్ధమైన పందెం గెలవడం ఇతర పందేల్లో సాధ్యమా అన్నది ఆలోచించవలసిన విషయం.

మోత లేని పందెం

ఇక కరెంటు కార్ల పందెం. 2014లో చైనా రాజధాని బీజింగులో మొదలైన ఫార్ములా ఈలో మన మహీంద్రా జట్టు మొదటి నుంచీ ఉన్నది. దీనిలో ఆకర్షణ చెవికి కాదు, బుద్ధికి. బ్యాటరీలో ఉన్న శక్తిని పందెం చివరిదాకా ఎవరు పొదుపుగా వాడతారో వారిది గెలుపు. హైదరాబాదులో 2.83 కిలోమీటర్ల బాట మీద గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ వద్ద చివరి చుట్లలో తనను తరుముతున్న నిక్ కాసిడీ కంటే తక్కువ శక్తి మిగిలి ఉన్నది. అయినా దారి ఇవ్వకుండా నిలిచి గెలిచాడు. కాలువలో నీరు తగ్గినప్పుడు చివరి మడి దాకా తడి అందించే రైతు తెలివి లాంటిది ఇది. మోత లేదని కొట్టిపారేయడం తొందరపాటు.

అయితే ఆ పందెం మనకు మిగిల్చిందేమిటి అన్నది వేరే ప్రశ్న. నగరం నడిబొడ్డున రోడ్లు మూసి, జనాన్ని చుట్టూ తిప్పి జరిపిన పందెం ఒక్కసారితో సరి. 2024 ఫిబ్రవరిలో జరగవలసిన రెండో పందెం రద్దయింది. చెల్లింపుల వ్యవహారంపై 2024 డిసెంబరులో ఏసీబీ కేసు నమోదయింది. తప్పొప్పులు తేల్చవలసింది న్యాయస్థానం. కాని రెండు రాష్ట్రాల్లోని పల్లె కుర్రవాడికి ఆ పందెం వల్ల ఒక మైదానమైనా, ఒక శిక్షకుడైనా దక్కలేదన్నది మాత్రం కళ్ల ముందున్న నిజం.

తూకం వేయవలసిన మూడు రాళ్లు

ఇన్ని పక్షాల వాదనలు విన్న తరువాత తీర్పు చెప్పవలసి వస్తే, మూడు కొలమానాలు పెట్టుకోవడం మంచిది. మొదటిది, నడిపేవాడి నేర్పు చూసేవాడికి కనిపిస్తున్నదా? రెండోది, డబ్బు లేనివాడికి కూడా గెలిచే సందు ఉన్నదా? మూడోది, ప్రమాదం జరిగితే అది తెలిసి దిగినవాడికే పరిమితమా, తెలియనివాడి మీద కూడా పడుతుందా?

మొదటి రెండు కొలమానాల్లోనూ మట్టి మీద జరిగే పందేలదే పైచేయి అని చెప్పడానికి సందేహించనక్కరలేదు. ర్యాలీలోనూ, మట్టి దిబ్బల మీద మోటారు సైకిళ్లు ఎగిరే మోటోక్రాస్‌లోనూ మనిషి కనిపిస్తాడు, నేల కనిపిస్తుంది. నున్నటి రోడ్డు మీద డబ్బు గెలిచినంత సులువుగా మట్టి మీద గెలవలేదు.

కాని మూడో కొలమానం దగ్గర ఆగవలసి ఉన్నది. లే మాన్‌లో 1955లో ఒక కారు ఎగిరి జనం మీద పడి 80 మందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. దాని తరువాత స్విట్జర్లాండు తన దేశంలో సర్క్యూట్ పందేలనే దశాబ్దాలపాటు నిషేధించింది. 1986లో పోర్చుగల్ ర్యాలీలో రోడ్డు మీదకు ఎగబడిన జనంలోకి కారు దూసుకుపోయి ముగ్గురు మరణించారు. ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో 1907 నుంచి మామూలు రోడ్ల మీద జరిగే మోటారు సైకిళ్ల పందేల్లో ఇప్పటిదాకా 250 మందికి పైగా పోటీదారులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

అంతదాకా ఎందుకు? 2019 సెప్టెంబరులో రాజస్థాన్‌లోని బార్మేర్ జిల్లాలో ర్యాలీ జరుగుతుండగా మోటారు సైకిలు మీద పోటీ మార్గంలోకి వచ్చిన ఒకే కుటుంబంలోని ముగ్గురు పోటీ కారు తగిలి మరణించారు. వాళ్లు పందెం చూడటానికి టిక్కెట్టు కొన్నవాళ్లు కారు. తమ ఊరి దారిన తాము పోతున్నవాళ్లు. పల్లె రోడ్డును పందెం బాటగా మార్చేవారు ముందు ఊరూరా చాటింపు వేయించి, ప్రతి డొంకకూ, ప్రతి పొలం దారికీ కాపలా పెట్టలేకపోతే ఆ పందెం జరపకూడదు. ఏ పందెం గొప్పదన్న వాదన ఎంత రుచిగా ఉన్నా, ఆ ముగ్గురి ముందు అది చిన్నదే.

ఫార్ములా వన్‌కు ఇవ్వవలసిన మార్కులు ఇక్కడ ఇవ్వాలి. 1994లో ఇమోలాలో రెండు రోజుల్లో రాట్జన్‌బెర్గర్, సెన్నా ఇద్దరూ మరణించిన తరువాత వాళ్లు కార్లను, బాటలను మార్చుకుంటూ వచ్చారు. 2018లో డ్రైవరు తల చుట్టూ లోహపు చట్రం తప్పనిసరి చేసినప్పుడు కారు అందం పోయిందని అభిమానులు గోలపెట్టారు. 2020లో బహ్రెయిన్‌లో కారు రెండు ముక్కలై మంటల్లో చిక్కుకున్న గ్రోజాన్ ఆ చట్రం వల్లనే బతికి బయటపడ్డాడు. గోల ఆగిపోయింది.

మన రోడ్ల మీద జరిగేది ఏ పందెం?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కొత్తగా వేసిన జాతీయ రహదారి మీద, బైపాసు మీద సాయంత్రం పూట సైలెన్సర్లు ఊడదీసిన మోటారు సైకిళ్ల మీద ముగ్గురేసి కుర్రవాళ్లు ఒకరినొకరు తరుముకోవడం పలు గ్రామాల ప్రజలు చూస్తున్నదే. తలకు హెల్మెట్టు ఉండదు. ఎదురుగా గడ్డి వేసుకున్న ట్రాక్టరు వస్తుంది, పక్కనుంచి గేదెలు దాటుతాయి. దీనిని పందెం అనవచ్చునా? పైన చెప్పిన మూడు కొలమానాల్లో ఒక్కదానికైనా ఇది నిలుస్తుందా? నేర్పు లేదు, ఉన్నది గుడ్డి ధైర్యమే. సమానమైన పోటీ లేదు, నాన్న కొనిచ్చిన బండి సీసీలే. ప్రమాదం మాత్రం ఏ పాపం ఎరుగని గేదెల కాపరికీ, స్కూలు పిల్లకూ.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో ద్విచక్ర వాహనాలవారే 44 శాతానికి పైగా. వీరందరూ పందెం కట్టి పోయారని కాదు. కాని ఈ లెక్కలో పడకుండా ఇంటికి రావడమే మన రోడ్డు మీద గొప్ప గెలుపు అని కుర్రవాళ్లు గ్రహించాలి. ప్రభుత్వ అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం పెట్టడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను కింద నేరం. 2019 సవరణ ప్రకారం మొదటిసారి మూడు నెలల వరకు జైలు, అయిదు వేల రూపాయల వరకు జరిమానా. రెండోసారి అయితే ఏడాది వరకు జైలు, పది వేల జరిమానా. మైనరు పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే అతని తండ్రికి లేదా సంరక్షకునికి మూడేళ్ల వరకు జైలు, పాతికవేల జరిమానా అని అదే సవరణ చెబుతున్నది. పుట్టినరోజుకు బండి కొనిచ్చే తండ్రులు ఈ ముక్క ఒకటికి రెండుసార్లు చదవాలి.

అయితే ఒట్టి కేసులతోనే ఈ జబ్బు కుదురుతుందని అనుకోవడం కూడా పొరపాటే. బండి మీద మోజు నేరం కాదు. ఆ మోజుకు చోటు లేకపోవడమే చిక్కు. మద్రాసు దగ్గర షోలవరంలో పాత యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద దశాబ్దాలపాటు పందేలు జరిగాయి. తరువాత ఇరుంగాట్టుకోట్టైలో 1990 ప్రాంతంలో శాశ్వతమైన బాట వచ్చింది. కోయంబత్తూరు దగ్గర కరి స్పీడ్‌వే వచ్చింది. అందువల్లనే దేశంలోని రేసు డ్రైవర్లలో తమిళనాడువారు ఎక్కువగా కనిపిస్తారు. నరేన్ కార్తికేయన్‌ది కోయంబత్తూరు, 2010లో ఫార్ములా వన్‌లోకి వెళ్లిన రెండో భారతీయుడు కరుణ్ చందోక్‌ది మద్రాసు. చెట్టు ఉన్నచోటనే కాయ కాస్తుంది.

మన జిల్లాకు తారు బాట, గ్యాలరీలు, కోట్ల ఖర్చు అవసరం లేదు. మట్టి చాలు. మోటోక్రాస్ పందెం 1924లో ఇంగ్లాండులో మొదలైంది కూడా అలాంటి ఎగుడుదిగుడు నేల మీదనే. నాలుగైదెకరాల బీడు, ప్రొక్లెయినరుతో వేసిన దిబ్బలు, చుట్టూ బలమైన కంచె ఉంటే బాట తయారు. వేగం తక్కువ, నేర్పు ఎక్కువ. మొదలు నుంచి ముగింపు దాకా జనం ఒక్కచోట నిలబడి చూడవచ్చు. ఇది చిన్న ఆట అనుకోరాదు. 2015లో డకార్ ర్యాలీని పూర్తిచేసిన మొదటి భారతీయుడు సి.ఎస్. సంతోష్ ఇలాంటి మట్టి పందేల్లోంచి ఎదిగినవాడే. 2024లో సౌదీ అరేబియాలో జరిగిన డకార్‌లో ర్యాలీ 2 విభాగంలో మొదటి స్థానం గెలిచిన కేరళవాసి హరిత్ నోవా కూడా జాతీయ సూపర్‌క్రాస్ పందేల విజేతే. వారి దిబ్బలు మన దిబ్బల కంటే మంచి మట్టితో చేసినవి కావు.

కనుక సంబంధిత అధికారులకు చేసే విజ్ఞప్తి ఇది. జిల్లా క్రీడాశాఖ, రవాణా శాఖ, పోలీసు శాఖ కలిసి జిల్లాలో ఒక్కచోటనైనా ఊళ్లకు దూరంగా ఇటువంటి మైదానం ఏర్పాటుచేయాలి. వేసవిలో నెలకొకసారి, లైసెన్సు ఉన్న కుర్రవాళ్లకు, హెల్మెట్టు, బూట్లు, వీపు కవచం ఉంటేనే ప్రవేశమిచ్చి పోటీలు జరపాలి. అంబులెన్సు, డాక్టరు లేనిదే జెండా ఊపరాదు. మోటారు క్రీడల జాతీయ సమాఖ్య నియమాల ప్రకారమే జరగాలి. ఇంజను సీసీలను బట్టి విభాగాలు పెడితే పాత బండివాడికీ న్యాయం జరుగుతుంది. ఎడ్ల పోటీల్లో పళ్లు చూసి విభాగాలు చేసే మన పెద్దలకు ఈ న్యాయం ఒకరు నేర్పవలసింది కాదు. తిరునాళ్లలో రికార్డింగు డాన్సులకు చందాలిచ్చే దాతలు ఇందుకు నాలుగు హెల్మెట్లు ఇస్తే పుణ్యమూ పురుషార్థమూ రెండూ దక్కుతాయి.

ఏ పందెం గొప్పదన్న తగవు ఈనాటితో తెగేది కాదు, తెగనవసరమూ లేదు. ఫార్ములా వన్ చూసి ఇంజనీరు కావాలనుకునే పిల్లవాడు కావచ్చు, మోటోజీపీ చూసి గుండె ఝల్లుమనే పిల్లవాడు కావచ్చు, ఎవరి రుచి వారిది. కాని ఒక్క విషయంలో మాత్రం అన్ని పక్షాల అభిమానులూ ఏకమే. ప్రపంచంలో గొప్ప పందెగాళ్లంతా హెల్మెట్టు పెట్టుకుని, మూసిన బాట మీద, డాక్టరు దగ్గరుండగా పరిగెత్తారు. మన కుర్రవాళ్లు వాళ్ల వేగాన్ని చూసి మెచ్చుకుంటున్నారు. వాళ్ల జాగ్రత్తను కూడా చూడాలి. ఆ జాగ్రత్తకు చోటు చూపించడం పెద్దల వంతు, అధికారుల వంతు.